పన్ను పీకించుకునే ముందే తేల్చుకోండి: క్యాప్, బ్రిడ్జి, ఇంప్లాంట్, కట్టుడు పళ్ళు, దేనికి ఎంతవుద్ది

పన్ను పాడైంది అనగానే చాలామంది అడిగే మొదటి మాట ఎంతవుద్ది అని. నేను విజయవాడలో ఒక డెంటల్ ల్యాబ్‌లో పని చేస్తానండి, డాక్టర్‌ని కాదు, సూర్యారావుపేట, పటమట, ఇటు గుంటూరు కొత్తపేట, అరండల్‌పేట క్లినిక్‌ల నుంచి వచ్చే నోటి కొలతలకి క్యాపులు, బ్రిడ్జిలు, కట్టుడు పళ్ళు తయారు చేసేది మాలాంటి వాళ్ళమే. ఆ కొలతలో ప్లాస్టర్ పోసి మోడల్ తీసి చేత్తో పట్టుకుంటే చాలు, ఆ పన్ను ఈమధ్యే పీకించారా లేక ఏళ్ళ తరబడి ఖాళీగా వదిలేశారా తెలిసిపోద్ది. ఏళ్ళయితే పక్క పన్ను ఖాళీలోకి ఒరిగిపోయి ఉంటది, ఎదురు దవడ పన్నుకి ఏమీ తగలక సాగి కిందకి దిగిపోయి ఉంటది, పన్ను ఉన్నచోట ఎముక కరిగి పల్చబడిపోయి ఉంటది. పీకిన మొదటి ఏడాదిలోనే అక్కడి ఎముక మందం ఇంచుమించు సగం దాకా తగ్గిపోవచ్చు, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. ఆ తర్వాత తీరిగ్గా వెళ్తే ముప్పై వేలల్లో అయిపోయే పనికి ఎముక పెరగడానికి ఎముక పొడి వెయ్యాలి, ఒరిగిన పన్ను సరిచెయ్యాలి అని ఇంకో పది పాతిక వేలు వచ్చి కలుస్తాయి. అందుకని పీకించే రోజు కంటే ముందే, దాని బదులు ఏం పెట్టించాలి, ఎప్పుడు, ఎంత, ఈ మూడూ డాక్టర్ దగ్గర కూర్చుని తేల్చుకోండి. నొప్పి పోయి ఇంటికొచ్చేశాక చాలామంది మళ్ళీ ఆ గుమ్మం తొక్కరు.

అసలు పీకాల్సిందేనా

ఆవకాయ టెంక కొరికో, మటన్‌లో ఎముక కొరికో పన్ను విరిగిందనుకోండి, లేదా పిప్పి పన్ను సగం ఊడిపోయిందనుకోండి, చూట్టానికి భయంకరంగా ఉన్నా అది పోయినట్టు కాదు. డాక్టర్‌ని అడగాల్సింది ఇదీ, చిగురు పైన గట్టి పన్ను చుట్టూతా ఒక రెండు మిల్లీమీటర్లన్నా మిగిలిందా అని. ఆ మాత్రం ఉంటే రూట్ కెనాల్ చేసి, లోపల పోస్ట్ అని ఊతంగా చిన్న పుల్ల పెట్టి, మీద క్యాప్ వేస్తే ఏళ్ళ తరబడి నడుస్తది. వేరు నిలువునా చీలిపోయిందంటే మాత్రం ఎవరూ ఏం చెయ్యలేరు, తీసెయ్యాల్సిందే. ఈ సంగతి చిన్న ఎక్స్‌రే, డాక్టర్ పరీక్ష కలిపితే ఎక్కువసార్లు తేలిపోద్ది, ఆ ఎక్స్‌రేకి నూటయాభై, రెండొందలు అవుద్ది అంతే.

మన దగ్గర రూట్ కెనాల్ మూడు వేల నుంచి ఏడు వేల మధ్యలో చెప్తారు, వెనక దవడ పళ్ళకి ముందు పళ్ళకన్నా కాస్త ఎక్కువ. పోస్ట్‌కి ఇంకో వెయ్యి రెండు వేలు. క్యాప్ విడిగా. అన్నీ కలిపి అయిదారు వేల నుంచి ఇరవై నాలుగు వేల దాకా పోద్ది, ఇంప్లాంట్‌తో పోలిస్తే ఇది తక్కువే, పైగా సొంత పన్ను సొంత పన్నే. నాకు బాగా బాధనిపించేది ఏంటంటే రూట్ కెనాల్ చేయించుకుని నొప్పి తగ్గింది కదా అని క్యాప్ వేయించుకోకుండా వదిలేసేవాళ్ళు. దవడ పన్ను రూట్ కెనాల్ అయ్యాక లోపల అంతా తవ్వేసి ఉంటది, నమిలే బరువు మీద పడితే ఆర్నెల్లకో ఏడాదికో నిలువునా చీలిపోద్ది, అప్పుడు రూట్ కెనాల్ డబ్బులు పోయి పన్నూ పోయి ఇంప్లాంట్ దగ్గరికి వస్తారు. క్యాప్‌కి డబ్బులు లేకపోతే మెటల్ క్యాప్ అయినా వేయించండి, పదిహేనొందల నుంచి మూడు వేలల్లో వస్తది.

క్యాపుల గురించి మా ల్యాబ్ వైపు నుంచి ఒక మాట చెప్తా. మెటల్ క్యాప్ రంగు బాగోదు కానీ దానికి పన్ను తక్కువ అరగదీస్తే సరిపోద్ది, విరగదు, ఎదురు పన్నుని తినెయ్యదు. వెనకాల ఎవరికీ కనిపించని దవడ పంటికి జిర్కోనియానే (పంటి రంగులో ఉండే గట్టి సిరామిక్) కావాలని పట్టుబట్టక్కర్లేదు, నా ఉద్దేశంలో. మెటల్ మీద సిరామిక్ కాల్చిన క్యాప్ మూడు నుంచి ఆరు వేలు, ఇది కొన్నేళ్ళకి చిగురు దగ్గర నల్ల గీతలా కనిపించొచ్చు, పైన సిరామిక్ పెచ్చు ఊడటం కూడా ఉంటది. జిర్కోనియా ఏడు నుంచి పదిహేను వేలు, బ్రాండు వారంటీని బట్టి. దీన్ని కంప్యూటర్‌లో డిజైన్ చేసి బిళ్ళలోంచి మిషన్‌తో కోస్తాం, కాల్చినప్పుడు ఇరవై శాతం పైనే కుంచించుకుపోద్ది కాబట్టి ముందే పెద్దగా కోసి పదిహేనొందల డిగ్రీల దగ్గర కాలుస్తాం, అందుకే ఒక్క పంటికైనా నాలుగైదు రోజులు పడుద్ది. ముందు పళ్ళకి అయితే జిర్కోనియా లేదా పూర్తి సిరామిక్ తీసుకోండి, అక్కడ పిసినారితనం వద్దు, నవ్వినప్పుడల్లా కనిపిస్తది. వారంటీ కార్డు మాత్రం అడిగి తీసుకోండి, దాని మీద మీ పేరు, పన్ను నంబరు ఉండాలి, క్లినిక్‌లోనే ఉండిపోయే కార్డులు చాలా ఉన్నాయి.

ఏ పన్ను పోయింది అనేదే సగం నిర్ణయం

జ్ఞాన దంతం పోతే దాని బదులు ఏమీ అక్కర్లేదు. దాని ముందుది, అంటే చివరి దవడ పన్ను పోయినా, మిగతావన్నీ పైనా కిందా సరిగ్గా కలుస్తుంటే చాలామందికి వదిలేసినా నడిచిపోద్ది, ఎదురు పన్ను దిగుతుందేమో డాక్టర్ అప్పుడప్పుడూ చూస్తే చాలు. అక్కడ కూడా ఇంప్లాంట్ పెట్టించకపోతే కొంప మునిగిపోద్ది అని ఎవరైనా కంగారు పెడితే ఇంకో డాక్టర్‌ని అడిగి రండి. ఆరేళ్ళ వయసులో వచ్చే మొదటి దవడ పన్ను మాత్రం వదిలెయ్యకూడదు, నమలడం అంతా దాని మీదే, చాలామందికి ముందుగా పుచ్చిపోయేది కూడా అదే. ముందు పన్ను అయితే పీకిన రోజే తాత్కాలిక పన్ను ఇమ్మని ముందుగానే చెప్పుకోవాలి, లేకపోతే అసలు పన్ను పెట్టేదాకా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడాల్సి వస్తది.

ఒకటి రెండు పళ్ళకి బ్రిడ్జా ఇంప్లాంటా

బ్రిడ్జి అంటే ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్ళని అరగదీసి మూడు క్యాపులు అతికించి ఒకే ముక్కగా బిగించడం. రెండు మూడు సార్లు వెళ్తే వారం పది రోజుల్లో అయిపోద్ది, ఆపరేషన్ లేదు. రేటు ఒక్కో యూనిట్‌కి లెక్కేస్తారు, అంటే ఒక్క పన్ను పోయినా మూడు క్యాపుల డబ్బులు కట్టాలి. సిరామిక్ మెటల్ అయితే తొమ్మిది నుంచి పద్దెనిమిది వేలు, జిర్కోనియా అయితే ఇరవై ఒకటి నుంచి నలభై అయిదు వేల దాకా. ఇక్కడే మీరు ఆగి చూడాలి, మంచి జిర్కోనియా బ్రిడ్జి రేటు దగ్గర దగ్గర ఇంప్లాంట్ రేటుకి వచ్చేస్తది, కానీ బ్రిడ్జి కోసం బాగున్న రెండు పళ్ళు కోసెయ్యాలి. పక్క పళ్ళకి ఆల్రెడీ రూట్ కెనాల్ అయ్యి ఎటూ క్యాపులు కావాల్సి ఉంటే బ్రిడ్జి చాలా మంచి పని, ఒక దెబ్బకి రెండూ అయిపోతాయి. పక్క పళ్ళు ముట్టుకోనక్కర్లేనంత బాగుంటే నేనైతే మా ఇంట్లో వాళ్ళకి ఇంప్లాంటే చెప్తాను. బ్రిడ్జి పది పదిహేనేళ్ళు వస్తది, శుభ్రం చేసుకుంటేనే, కింద అన్నం మెతుకులు ఇరుక్కుని పక్క పన్ను లోపల్లోపల పుచ్చిపోతే మూడూ కలిసి పోతాయి.

ఇంప్లాంట్ అంటే ఎముకలోకి బిగించే టైటానియం స్క్రూ, దాని మీద అబట్‌మెంట్ అని చిన్న మధ్య ముక్క, దాని మీద క్యాప్. 1965లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే డాక్టర్ మొదటి పేషెంట్‌కి పెట్టారు, అవి ఆ పేషెంట్ బతికున్నంత కాలం, నలభై ఏళ్ళ పైనే ఉన్నాయి, కాబట్టి ఇదేదో నిన్నా మొన్నా వచ్చిన ప్రయోగం కాదు. టైటానియానికి ఎముక అతుక్కుపోద్ది, దానికి కింద దవడలో మూడు నెలలు, పైన దవడలో ఎముక మెత్తన కాబట్టి నాలుగు నుంచి ఆరు నెలలు పడుద్ది. పెట్టే ముందు సీబీసీటీ స్కాన్ (దవడ ఎముకని 3డీలో చూపించే ఎక్స్‌రే) తప్పనిసరిగా తీయించుకోండి, రెండు మూడు వేలు అవుద్ది, కింద దవడలో పెదవికి స్పర్శ ఇచ్చే నరం ఉంటది, పైన సైనస్ అనే గాలి గది ఉంటది, వాటికి ఎంత దూరంలో ఎముక ఉందో మామూలు ఎక్స్‌రేలో సరిగ్గా తెలీదు.

రేటుకొస్తే కొరియా, ఇజ్రాయెల్ కంపెనీలవి క్యాప్‌తో కలిపి పాతిక నుంచి నలభై వేలు చెప్తారు, స్ట్రామన్, నోబెల్ లాంటి ఖరీదైన కంపెనీలవి నలభై అయిదు నుంచి డెబ్భై దాకా పోద్ది. మంచి చేతిలో పడితే ఆస్టెమ్, డెంటియం లాంటి కొరియా ఇంప్లాంట్లు కూడా చక్కగా పని చేస్తాయి, నా కళ్ళతో చూస్తున్నా. బ్రాండ్ విషయంలో అసలు చూసుకోవాల్సింది వేరే ఉంది. పదేళ్ళ తర్వాత స్క్రూ లూజవుద్దో క్యాప్ ఊడుద్దో, అప్పటికి మీరు హైదరాబాద్‌లోనో మీ అబ్బాయి దగ్గరో ఉంటారు, అక్కడి డాక్టర్‌కి ఆ కంపెనీ స్క్రూడ్రైవర్, విడి భాగాలు దొరకాలి. పేరూ ఊరూ లేని ఇంప్లాంట్ పెట్టించుకుంటే బాగున్న స్క్రూని కూడా తవ్వి తియ్యాల్సిన పరిస్థితి వస్తది. ప్రతి ఇంప్లాంట్ డబ్బా మీద స్టిక్కర్ ఉంటది, కంపెనీ, సైజు, లాట్ నంబరుతో, ఆ స్టిక్కర్ మీ ఫైల్‌లో అంటించి ఇమ్మనండి, ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

ఇంకో సంగతి, పదిహేను వేలకే ఇంప్లాంట్ అని బోర్డు చూస్తే అది ఒట్టి స్క్రూ రేటు అయ్యుండొచ్చు. స్క్రూ, అబట్‌మెంట్, క్యాప్, స్కాన్, ఎముక పొడి కావాలంటే అది, అన్నీ కలిపి ఎంత, ఎన్నిసార్లు రావాలి, ఇంప్లాంట్ అతుక్కోకపోతే మళ్ళీ ఫ్రీగా పెడతారా, ఇవన్నీ కాయితం మీద రాయించుకోండి. లైఫ్‌టైమ్ వారంటీ అంటే ఎక్కువగా ఆ స్క్రూకే, పైన క్యాప్‌కి కాదు.

తీసి పెట్టుకునేవి, పూర్తి సెట్టు

ఇప్పుడు డబ్బులు లేవు, ఏడాది తర్వాత ఇంప్లాంట్ పెట్టించుకుంటాం అనుకునేవాళ్ళకి తీసి పెట్టుకునే అక్రిలిక్ (గట్టి ప్లాస్టిక్) పన్ను మంచి మధ్యేమార్గం, ఒకటి రెండు పళ్ళకి పదిహేనొందల నుంచి నాలుగు వేలు. ఫ్లెక్సిబుల్ అని మెత్తటివి అయిదు నుంచి పన్నెండు వేలు, వేసుకోడానికి హాయిగా ఉంటాయి గానీ తర్వాత పన్ను కలపాలన్నా అడుగు సరిచెయ్యాలన్నా కష్టం, మా దగ్గరికి రిపేర్‌కి వస్తే చాలాసార్లు కొత్తది చెయ్యడం తప్ప దారి ఉండదు. నాలుగైదు పళ్ళు పోయినవాళ్ళకి లోహపు ఫ్రేమ్‌తో పోత పోసేది ఉంటది, ఎనిమిది నుంచి ఇరవై వేలు, పల్చగా గట్టిగా ఉంటది, ఇది మన దగ్గర తక్కువమంది అడుగుతారు, అడగాల్సిన వస్తువు.

మొత్తం పళ్ళు పోయిన పెద్దవాళ్ళకి పూర్తి సెట్టు పన్నెండు నుంచి ముప్పై అయిదు వేలు. సరిగ్గా చేస్తే నాలుగైదు సార్లు పిలుస్తారు, మొదటి కొలత, రెండో కొలత, పై కింద దవడల మధ్య ఎత్తు, మైనంలో పళ్ళు పెట్టి ట్రయల్, తర్వాత ఇవ్వడం. ట్రయల్ రోజు ఇంట్లో ఒకరు పక్కన వెళ్ళండి, మైనంలో ఉన్నప్పుడే పళ్ళ రంగు, వరస, పెదవి నిండుతనం మార్చగలం, అక్రిలిక్‌లో ఉడికించాక మార్చలేం. పై సెట్టు అంగిలికి అతుక్కుపోయి నిలబడుద్ది, కింద సెట్టు మాత్రం నాలుక కదిలితే కదులుద్ది, అమ్మమ్మలు తాతయ్యలు సెట్టు చేయించుకుని డబ్బాలో పెట్టేసేది ఎక్కువగా కింద సెట్టు వల్లే. దీనికి పరిష్కారం ఉందండి, కింద దవడ ముందు భాగంలో రెండే రెండు ఇంప్లాంట్లు పెట్టి సెట్టుని బటన్‌లాగా వాటికి తగిలించడం. 2002లోనే మాంట్రియల్‌లో మెక్‌గిల్ యూనివర్సిటీలో కూర్చున్న నిపుణులు పళ్ళు లేని కింద దవడకి ఇదే మొదటి ఎంపికగా ఉండాలని చెప్పారు. సెట్టు కాక ఇంకో అరవై నుంచి తొంభై వేలు అవుద్ది, కానీ పెద్దాయన మళ్ళీ జంతికలు, చేగోడీలు నమలగలుగుతాడు, ఇంట్లో అందరితో పాటు అదే కూర తింటాడు. దవడ మొత్తం ఫిక్స్‌డ్ కావాలంటే నాలుగు నుంచి ఆరు ఇంప్లాంట్లు, ఒక్కో దవడకి రెండు నుంచి నాలుగు లక్షలు. మూడు రోజుల్లో ఫిక్స్‌డ్ పళ్ళు అనేది కొందరికి నిజంగానే కుదురుద్ది, ఎముక గట్టిగా ఉండాలి, కొరికే తీరు సరిపోవాలి, అందరికీ అదే చెప్తే మాత్రం ఆలోచించండి.

తక్కువలో ఎక్కడ

విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, గన్నవరం దగ్గర చిన అవుటపల్లిలో సిద్ధార్థ డెంటల్ కాలేజీ, గుంటూరు పక్కన తక్కెళ్ళపాడులో సిబార్ డెంటల్ కాలేజీ ఉన్నాయి. కాలేజీల్లో స్టూడెంట్లు చేస్తారు, ప్రొఫెసర్లు ప్రతి మెట్టు దగ్గరా చూసి సంతకం పెడతారు, బయట రేటులో కొంత భాగానికే అయిపోద్ది. ఖర్చు తగ్గుద్ది, టైమ్ పెరుగుద్ది, పొద్దున్నే ఓపీ చీటీ తీసుకోవాలి, ఒక సెట్టుకి నెలన్నర తిరగాల్సి రావొచ్చు. స్టూడెంట్లకి ఇన్ని కేసులు చెయ్యాలని లెక్క ఉంటది కాబట్టి పూర్తి సెట్టు కావాల్సిన పెద్దవాళ్ళని వాళ్ళు చాలా మర్యాదగా చూసుకుంటారు, ఫోన్ చేసి మరీ పిలుస్తారు. తెనాలి, మంగళగిరి, నూజివీడు నుంచి వచ్చేవాళ్ళు బస్సు ఖర్చూ పోయిన కూలి రోజూ కూడా కలుపుకుని లెక్క చూసుకోండి.

రోడ్డు పక్కన పెట్టె పెట్టుకుని అరగంటలో పన్ను కట్టేవాళ్ళ దగ్గరికి దయచేసి వెళ్ళొద్దు. వాళ్ళు పొడీ లిక్విడూ కలిపి ఖాళీలో పోసి పక్క పళ్ళకి తీగతో బిగించేస్తారు, అది తియ్యడానికి రాదు, కింద కుళ్ళు పట్టి ఒక్క పన్ను కోసం వెళ్ళినవాళ్ళు నాలుగు పోగొట్టుకుంటారు. క్లినిక్‌లో కూడా బోర్డు మీద బీడీఎస్ లేదా ఎండీఎస్, డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు చూడండి. పళ్ళు కట్టడంలో స్పెషలిస్టుని ప్రోస్థోడాంటిస్ట్ అంటారు, పెద్ద కేసులకి వాళ్ళ మాట ఒకసారి వినండి, కన్సల్టేషన్‌కి మూడు నాలుగొందలు పోతే పోనీండి.

షుగర్ ఉన్నవాళ్ళు ఇంప్లాంట్‌కి వెళ్ళే ముందు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్త పరీక్ష) రిపోర్టు చేతిలో పెట్టుకుని వెళ్ళండి, ఏడు దగ్గర్లో ఉంటే ధైర్యంగా పెట్టించుకోవచ్చు, తొమ్మిది పది ఉంటే ముందు అది దించుకోవాలి. సిగరెట్, చుట్ట, గుట్కా ఉంటే ఎముక అతుక్కోవడం దెబ్బతింటది, కనీసం ఆ నెలలన్నా మానాలి. రక్తం పల్చబడే మాత్రలు సొంతంగా ఆపెయ్యొద్దు, గుండె డాక్టర్‌ని అడిగాకే. ఎముకల బలహీనతకి జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ తీసుకున్న అమ్మలు ఆ సంగతి పన్ను పీకక ముందే చెప్పాలి, దవడ ఎముక మానకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది. మామూలు హెల్త్ ఇన్సూరెన్స్‌లో పళ్ళు సాధారణంగా రావు, యాక్సిడెంట్‌లో దెబ్బ తగిలి హాస్పిటల్‌లో చేరితే తప్ప, కాబట్టి పాలసీ ఉంది కదా అని లెక్కలో వేసుకోకండి.

తీసి పెట్టుకునే సెట్టు రాత్రి తీసేసి మామూలు చల్లటి నీళ్ళల్లో వెయ్యండి, వేడి నీళ్ళల్లో వేస్తే వంకర పోద్ది, టూత్‌పేస్ట్‌తో రుద్దితే గీతలు పడి వాసన పడుద్ది, సబ్బు చాలు. గుంటూరు కారం తిన్నప్పుడు చిగుళ్ళు భగ్గుమంటున్నాయంటే కారం తప్పు కాదు, సెట్టు ఎక్కడో ఒరుసుకుని పుండు పడింది, ఇంట్లో బ్లేడుతో గీకకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, రెండు నిమిషాల్లో సరిచేస్తారు.

ఇంకోటి, ఇది ఊడిన పన్నుని కాపాడేది. పిల్లలు బండి మీంచో ఆటలోనో పడి శాశ్వత ముందు పన్ను వేరుతో సహా ఊడి కింద పడితే పారెయ్యొద్దు. వేరుని ముట్టుకోకుండా పై భాగం పట్టుకుని, మట్టి ఉంటే పాలతో కాసేపు కడిగి, రుద్దకుండా, కుదిరితే అక్కడే దాని చోట్లో పెట్టి గుడ్డ కొరికి పట్టుకోమనండి. కుదరకపోతే చిన్న గ్లాసులో పాలు పోసి అందులో వేసుకుని వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి, అరగంట లోపు అయితే బాగా నిలబడుద్ది, గంట దాటేకొద్దీ అవకాశం తగ్గిపోద్ది. పాలపన్ను అయితే మాత్రం తిరిగి పెట్టకూడదు, లోపల వచ్చే పన్నుకి దెబ్బ తగులుద్ది.